పెరుగు వాసన పట్టడం, 3వ పాఠం: వెన్న వాసన ఎక్కణ్ణుంచి?

పోయినసారి పీహెచ్ కాగితంతో (పులుపు ఎంతో చూపేది, అంకె తగ్గితే పులుపు పెరిగినట్టు) పాలు పెరుగయ్యే దారి చూశాం కదా, 6.6 దగ్గర మొదలై 4.6కి వచ్చేసరికి గడ్డకట్టేశాయి. ఈసారి ముక్కుకి పని.

తోడులో ఉండే బ్యాక్టీరియా పాలలోని చక్కెరను విరగ్గొట్టి పైరువేట్ అనే చిన్న అణువు చేసి, దాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చి బయటికి తోసేస్తాయి. ఆ పులుపు పెరిగిపోతే చివరికి వాటికే ఎసరు. అప్పుడు లాక్టోకాకస్ జాతిలోని డయాసిటిలాక్టిస్ అనే రకం ఇంకో దారి పడుతుంది: పాలలో కాస్త సిట్రేట్ (నిమ్మకాయలోని ఆమ్లం తాలూకు పదార్థం) ఉంటుంది, పులుపు ఎక్కేకొద్దీ దాన్ని లోపలికి జోరుగా లాక్కుని పైరువేట్ చేసుకుంటుంది, ఇక రెండేసి పైరువేట్లని కలిపి అసిటోలాక్టేట్, దాన్నుంచి ఎసిటోయిన్. ఎసిటోయిన్ ఆమ్లం కాదు, కాబట్టి పులుపు పెరగకుండానే పైరువేట్ వదిలిపోతుంది. తెలివైన పనే! మధ్యలో అసిటోలాక్టేట్ కొంచెం గాలి తగిలి, ఏ ఎంజైమూ లేకుండానే డయాసిటైల్ అవుతుంది. వెన్న వాసన అంటే అదే. తేలిగ్గా ఆవిరయ్యే పదార్థం, 88 డిగ్రీలకే మరుగుతుంది.

ఇక అభ్యాసం. గోరువెచ్చని పాలలో ఒకేసారి తోడు కలిపి నాలుగు చిన్న గ్లాసుల్లో పోసి మూత పెట్టండి. నాలుగు గంటలయ్యాక మొదటిది, తర్వాత రెండేసి గంటలకి ఒక్కోటి తెరవండి, ముందు వాసన, ఆ తర్వాతే కాగితం. తెరిచిన గ్లాసుని మళ్ళీ వాడొద్దు, వాసన అప్పటికే ఎగిరిపోయి ఉంటుంది. నోట్‌బుక్‌లో "బాగుంది" అని రాస్తే పనికిరాదు. పచ్చి ఆపిల్‌లా ఘాటుగా ఉందా (అది ఎసిటాల్డిహైడ్, ఇంకో రకం బ్యాక్టీరియా పని), వెన్నలా ఉందా, ఉత్త పులుపేనా, అదీ రాయాల్సింది.

నేను మొదట్లో ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసులు వాసన చూసి ఏమీ తెలియక నా ముక్కునే తిట్టుకున్నాను. చల్లగా ఉంటే ఆవిరి తక్కువ, అంతే.

వెన్న వాసన ఒక దశలో పెరిగి తర్వాత తగ్గొచ్చు, టెన్షన్ పడకండి. అవే బ్యాక్టీరియా డయాసిటైల్‌ని మళ్ళీ ఎసిటోయిన్‌గా మార్చేస్తాయి, దానికి అంత వాసన లేదు. ఒకవేళ నాలుగు గ్లాసుల్లోనూ వెన్న జాడే లేకపోతే మీ తోడులో ఆ రకం లేనట్టుంది, వేరే ఇంటి తోడు అడిగి తెచ్చుకుని మళ్ళీ చేయండి.

ముక్కుకి అందని ఎసిటోయిన్‌ని ఎర్ర రంగుగా చూపించే పరీక్ష ఒకటుంది, 1898లో వోగెస్, ప్రోస్కవర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పినది. 4వ పాఠం దాని గురించే. అప్పటికి మీ నాలుగు గ్లాసుల పట్టిక రెడీగా ఉండాలి.