సీనాయి కొండ ఎక్కేవాళ్లకు యాత్రకీర్తనల తోడు

పర్లాకిమిడి, గుణుపురం వైపు క్రైస్తవ సంఘాల నుంచి పవిత్ర దేశ యాత్రకు వెళ్లేవాళ్లు సీనాయి కొండ మాటెత్తితేనే టెన్షన్ పడతారు. 2,285 మీటర్ల ఎత్తు, అదీ చీకట్లో, చలిలో. ఎంత దూరం ఉందని అడుగుతూ నడవకండి. బైబిల్లో కీర్తనలు 120 నుంచి 134 వరకు 15 యాత్రకీర్తనలున్నాయి. ఆగిన ప్రతిచోటా ఒకటి చొప్పున, ఊపిరి కుదుటపడేదాకా మెల్లగా చెప్పుకోండి. 132 ఒక్కటే పెద్దది, దాన్ని ఎక్కువసేపు కూర్చునే చోటికి అట్టిపెట్టుకోండి. 131, 133, 134 మూడేసి వచనాలే. ముందే కంఠతా పడితే మేలు, చేతిలో టార్చి ఉండగా ఫోన్ తీయడం కష్టం.

ఒంటెల దారి అయిపోయాక ఇంకా దాదాపు 750 మెట్లుంటాయి. వాటికి ముందు తప్పకుండా కూర్చుని ఏదైనా తినండి, నీళ్లు తాగండి. హోరేబు (సీనాయికే మరో పేరు) ప్రయాణానికి ముందు అలసి పడుకున్న ఏలీయా ప్రవక్తను దూత తట్టి, లేచి భోజనం చేయమనే చెప్పాడు. ఆయాసంతో ఆగినవాళ్లను విశ్వాసం తక్కువని అంటుంటే నాకు చాలా బాధేస్తుంది.

బయలుదేరే ముందు కొన్ని వారాలు మన మహేంద్రగిరి వైపు కొండదారుల్లో ఇలాగే, కీర్తనకో మజిలీ చొప్పున నడిచి చూడండి.