కొన్న సరుకు మీద అనుమానమా? ప్రభుత్వ ఆహార పరీక్ష ల్యాబ్‌కి దరఖాస్తు చేసే విధానం

ముందుగా అందరూ అడిగేది, మామూలు మనిషి తీసుకెళ్లి ఇస్తే ప్రభుత్వ ల్యాబ్‌లో పరీక్ష చేస్తారా అని. చేస్తారు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో 40వ సెక్షన్ ఉన్నదే కొనుగోలుదారు కోసం. మీరు కొన్న తినే వస్తువు ఏదైనా సరే, ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్ట్ (ల్యాబ్‌లో ఆహారాన్ని పరీక్షించి రిపోర్టు ఇచ్చే అధికారి) చేత పరీక్ష చేయించుకోవచ్చు. శాంపిల్ అందిన రోజు నుంచి 14 రోజుల్లో రిపోర్టు మీకు పంపాలి, దాని కాపీ జిల్లాలో ఆహార భద్రత చూసే డిజిగ్నేటెడ్ ఆఫీసర్‌కి కూడా వెళుతుంది. సరుకు ప్రమాణాలకు తగ్గట్టు లేదని తేలితే మీరు కట్టిన ఫీజు తిరిగి ఇచ్చేస్తారు. ఆహార వ్యాపారం చేసేవాళ్లకి మాత్రం ఈ సెక్షన్ వర్తించదు.

ఒక్క షరతు ఉంది, చాలామందికి తెలియనిది కూడా అదే. కొనేటప్పుడే కొట్టతనికి "ఇది పరీక్షకి పంపిస్తానండీ" అని చెప్పి కొనాలి. ఇంటికి తెచ్చి సగం డబ్బా వాడేశాక రుచి తేడాగా ఉందని పట్టుకెళితే ఈ సెక్షన్ కింద చెల్లదు. మన ఊళ్లలో ఏళ్ల తరబడి ఖాతా నడుస్తున్న కొట్టులో మొహం మీదే ఆ మాట అనడం ఎంత ఇబ్బందో నాకు తెలుసు, కానీ చట్టం అలా ఉంది, పైగా అమ్మేవాడికి కూడా న్యాయం జరగాలి కదా.

అలా చెప్పలేకపోయినా, ఆ సరుకు ఇంకా నలుగురు కొంటున్నారని భయంగా ఉన్నా రెండో దారి ఉంది: ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి ఫిర్యాదు చేయడం. ఆయనే కొట్టుకి వచ్చి, నోటీసు ఇచ్చి, శాంపిల్‌ని నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. ఒకటి ల్యాబ్‌కి, రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గరికి వెళతాయి, నాలుగోది వ్యాపారి కోరితే ఆయన ఖర్చుతో గుర్తింపు పొందిన వేరే ల్యాబ్‌కి పంపుతారు. కేసు నిలబడాలంటే ఇదే గట్టి దారి అని నా అభిప్రాయం.

ఫిర్యాదులో జిల్లా పేరు జాగ్రత్తగా రాయండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక అమలాపురం కోనసీమకి, రాజమండ్రి తూర్పు గోదావరికి, భీమవరం పశ్చిమ గోదావరికి కేంద్రాలయ్యాయి. చూడాల్సింది మీరు ఉండే ఊరు కాదు, సరుకు కొన్న ఊరు. కోనసీమలోని రావులపాలెంలో ఉంటూ వశిష్ఠ వంతెన దాటి తణుకులో నెయ్యి కొంటే అది పశ్చిమ గోదావరి వ్యవహారం.

దరఖాస్తుకి పెద్ద కాగితాలేమీ అక్కర్లేదు: మీ పేరు, చిరునామా, ఫోను, వస్తువు పేరు, బ్రాండు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎక్కడ ఎప్పుడు కొన్నారు, పరీక్ష సంగతి అమ్మినవాళ్లకి చెప్పారా లేదా, దేని మీద అనుమానం. బిల్లు కాపీ తప్పకుండా జత చేయండి. 2022 జనవరి 1 నుంచి బిల్లు మీద అమ్మేవాళ్ల 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబరు ఉండాలి, అది లేకపోతే ఆ సంగతీ రాయండి.

"దేని మీద అనుమానం" అన్న చోట "కల్తీ" అని ఒక్క మాట రాసి వదిలేస్తే మీకే నష్టం. నెయ్యి సంగతే చూడండి, పండక్కి ఇంట్లో పూతరేకులు చేసుకోవడానికి కిలోల లెక్కన కొంటాం. ల్యాబ్‌లో దాన్ని కరిగించి, గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్, రెండు చుక్కల ఫర్‌ఫ్యురాల్ వేసి గట్టిగా కుదిపి నిలబెడతారు, కింద తేరిన యాసిడ్ పొర ఎర్రబడితే అందులో నువ్వుల నూనె ఉన్నట్టు. నెయ్యిలోకి నువ్వుల నూనె ఎందుకొస్తుందంటే, వనస్పతిలో నువ్వుల నూనె కలిపి తీరాలని నిబంధన పెట్టారు, కలిపితే ఇలా దొరికిపోవాలనే. కానీ పామాయిల్ కలిపితే ఈ పరీక్షకి దొరకదు, దానికి రైకర్ట్ మైసల్ విలువ (పాల కొవ్వులో ఎక్కువగా ఉండే ఆమ్లాల కొలత), బ్యూటిరో రిఫ్రాక్టోమీటర్ రీడింగ్ (కరిగిన నెయ్యిలో కాంతి ఎంత వంగుతుందో చూపే అంకె) లాంటివి చూడాలి. అందుకే "వనస్పతి లేదా వేరే నూనె కలిపారని అనుమానం" అని విడమరిచి రాయండి. పసుపు అయితే రంగు, లెడ్ క్రోమేట్ (సీసం ఉండే పసుపు రంగు రసాయనం) అని, కారం అయితే సూడాన్ రంగులు అని రాయండి.

ప్యాకెట్ సరుకైతే విప్పకుండా ఇవ్వడమే మేలు. విడిగా కొన్నది శుభ్రంగా కడిగి పూర్తిగా ఆరబెట్టిన సీసాలో పోసి, వీలైతే అమ్మినతని ముందే మూత మీద కాగితం అంటించి, సంతకం, తేదీ వేయండి. పాలైతే ఐసు పెట్టెలో పెట్టుకుని ఆ రోజే బయల్దేరండి, మన ఎండల్లో బస్సులో ఒళ్లో పెట్టుకెళితే ల్యాబ్ చేరేలోపే విరిగిపోతాయి. అధికారులు పాల శాంపిల్‌లో పాడవకుండా నిబంధన ప్రకారం కొలిచి ఫార్మలిన్ వేస్తారు, మీరు మాత్రం సొంతంగా ఏమీ కలపకండి. ఎంత పరిమాణం కావాలో, ఫీజు ఎంతో బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి, వస్తువుని బట్టి మారుతుంది.

బోరు నీళ్లు, కుళాయి నీళ్లు ఇక్కడికి తీసుకురావద్దు, వాటికి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లు ఉన్నాయి. ఎగుమతి రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష కూడా వేరే దారి, దానికి భీమవరంలో ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ల్యాబ్ ఉంది.

ల్యాబ్‌లో శాంపిల్‌కి కోడ్ నంబరు ఇస్తారు, బెంచీ దగ్గర పరీక్ష చేసే మనిషికి అది ఏ కొట్టుదో, ఎవరు తెచ్చారో తెలియకుండా ఉండటానికే అది. తూకాలకి క్రమం తప్పకుండా కాలిబ్రేషన్ చేయాలి, శాంపిల్ వేయకుండా రసాయనాలతో మాత్రమే ఒకసారి పరీక్ష నడిపి చూడాలి, విలువ ముందే తెలిసిన నమూనాతో సరిపోల్చాలి, అదే శాంపిల్‌ని రెండోసారి చేస్తే అంకె దగ్గరగా రావాలి. ల్యాబ్‌ల కోసం ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 కోరేది ఇలాంటివే, ల్యాబ్‌లకి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఇచ్చేది దాన్ని చూసే. ఇంత చేస్తారు కాబట్టే రిపోర్టు గంటలో రాదు, రావాలని మనం ఒత్తిడి పెట్టకూడదు కూడా. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్నంత మాత్రాన అన్ని పరీక్షలకీ ఉన్నట్టు కాదు, ఏ పరీక్షలకి ఉందో స్కోప్ జాబితాలో ఉంటుంది. ప్రైవేటు ల్యాబ్‌కి వెళ్లేవాళ్లు ముందు ఆ జాబితా చూపించమనండి.

రిపోర్టు చేతికొచ్చాక కింద ఉన్న ఒక్క ముక్క చదివి టెన్షన్ పడకండి. వచ్చిన విలువ, ఉండాల్సిన విలువ పక్కపక్కన పెట్టి చదవండి. టోన్డ్ పాలలో వెన్న కనీసం 3 శాతం, వెన్న కాని ఘనపదార్థాలు 8.5 శాతం ఉండాలి. 2.7 వస్తే అది సబ్‌స్టాండర్డ్, అంటే నాసిరకం, 5 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అన్‌సేఫ్, అంటే తింటే హాని, అని ఉంటే విషయం వేరు, జైలు శిక్ష దాకా వెళుతుంది, ఆ సరుకు ఇంట్లో మిగిలి ఉంటే వెంటనే పక్కన పెట్టేయండి, పారేయొద్దు. వ్యాపారికి రిపోర్టు మీద అభ్యంతరం ఉంటే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, అప్పుడు డిజిగ్నేటెడ్ ఆఫీసర్ సరేనంటే శాంపిల్ రిఫరల్ ల్యాబ్‌కి (అప్పీళ్ల కోసం ఉన్న పై ల్యాబ్‌కి) వెళుతుంది, అక్కడ చెప్పిందే ఆఖరు. ఆ గడువు దాటేదాకా బిల్లు, ఫీజు రసీదు రెండూ భద్రంగా ఉంచుకోండి, ఫీజు వాపసు అడగడానికి రసీదు కావాల్సిందే.