గాయం తర్వాత మళ్ళీ పరుగు: డొక్కలో పోటు విషయంలో జాగ్రత్తలు

మోకాలో, చీలమండో, పిక్క కండరమో దెబ్బతిని రెండు మూడు నెలలు ఇంటిపట్టున ఉన్నవాళ్ళు చలి మొదలవగానే విశాఖ బీచ్ రోడ్డు మీదకి వచ్చేస్తారు. నేవీ మారథాన్ దగ్గరపడుతుంటుంది, తోటివాళ్ళు అప్పటికే పేర్లు ఇచ్చేసి ఉంటారు, మనసు ఆగదు. కాలు బాగానే నిలబడుతుంది గానీ, రెండో కిలోమీటరు దాటేలోపు పక్కటెముకల కింద కుడి డొక్కలో పొడిచినట్టు పోటు మొదలవుతుంది.

ఈ పోటు తనంతట తాను హాని చేసేది కాదు. ఆగి నడిస్తే సాధారణంగా నిమిషాల్లో తగ్గిపోతుంది. అసలు నష్టం దాన్ని పంటి బిగువున భరిస్తూ పరిగెత్తడంలో ఉంది. నొప్పి ఉన్న పక్కకి ఒళ్ళు వంగుతుంది, ఆ పక్క చెయ్యి ఆడదు, ఒక అడుగు పొట్టిగా, ఇంకో అడుగు బరువుగా పడుతుంది. మామూలు రన్నర్ అయితే మర్నాటికి మరిచిపోతాడు. మానుతున్న లిగమెంటు, ఇంకా పూర్తి బలం రాని పిక్క ఉన్నవాళ్ళకి ఆ వంకర అడుగులతో పాత గాయం మళ్ళీ లేవొచ్చు. గాయం తర్వాత తిరిగి మొదలుపెట్టేవాళ్ళు పోటుని ఇంత పట్టించుకోవాలని చెప్పేది ఇందుకే.

ఎందుకు వస్తుంది

ఇది చాలా మామూలు విషయం. ఏడాదిలో ఒక్కసారైనా వచ్చిందని చెప్పే రన్నర్లు పదిమందిలో ఏడుగురు దాకా ఉంటారు. ఎక్కువగా కుడి పక్కనే వస్తుంది. కొందరికి అదే సమయంలో భుజం కొన మీద కూడా లాగినట్టుంటుంది. కారణం ఇదొక్కటేనని వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. పొట్ట లోపలి గోడని కప్పి ఉండే పలచని పొర ఒరిపిడికి గురవడం, నిండు కడుపు బరువుకి కాలేయాన్నీ జీర్ణాశయాన్నీ పట్టి ఉంచే బంధనాలు సాగడం, ఊపిరి కండరమైన డయాఫ్రం అలసిపోవడం అనేవి ముఖ్యమైన వాదనలు. ఆ పొరలో డయాఫ్రం కింద ఉండే భాగానికి నరాల సరఫరా మెడ నుంచి వస్తుంది. భుజం కొన నొప్పికి అదే కారణమై ఉంటుందని పొర వాదన చేసేవాళ్ళు చూపిస్తారు.

మన ఇళ్ళలో దీనికి ‘గ్యాస్ పట్టేసింది’ అని పేరు పెట్టేసి ఈనో కలుపుకుని తాగుతారు, లేదా గోలీసోడా తాగి పరుగుకి వెళ్తారు. అది పోటుని తగ్గించదు. సోడాలోని గ్యాసు కడుపుని ఉబ్బిస్తుంది, ఉబ్బిన కడుపుతో పరిగెత్తితే పోటు ఇంకా తొందరగా వస్తుంది.

గాయం తర్వాత ముప్పు పెరగడానికి వేరే కారణాలు కూడా తోడవుతాయి. నెలల తరబడి కదలకుండా ఉంటే దమ్ము తగ్గుతుంది, కాళ్ళకి మాత్రం పాత వేగం గుర్తుంటుంది. మొదటి ఐదు నిమిషాల్లోనే ఊపిరి పైపైన ఆడడం మొదలవుతుంది. నడుము చుట్టూ, పొట్ట లోపలి వరసలో ఉండే కండరాలు సడలి, ప్రతి అడుక్కీ మొండెం అదురుతుంది. క్రచెస్ మీద నడిచినవాళ్ళకీ, మంచం మీద ఫోన్ చూస్తూ గడిపినవాళ్ళకీ వీపు పైభాగం గూనిగా బిగుసుకుంటుంది. గూని ఉన్నవాళ్ళలో ఈ పోటు ఎక్కువగా, తీవ్రంగా వస్తుందని పరిశీలనల్లో తేలింది.

రోడ్డెక్కే ముందు రెండు వారాలు

ముందుగా ఒక పరీక్ష. కుంటకుండా, నొప్పి లేకుండా అరగంట చురుగ్గా నడవగలగాలి. అది చేతకాకపోతే పరుగు సంగతి ఇంకా ఎత్తొద్దు.

ఆ తర్వాత ఊపిరి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద పెట్టండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేలోపు లోపలికి తీసుకోండి, పొట్ట మీది చెయ్యి లేవాలి, ఛాతీ మీదిది దాదాపు కదలకూడదు. పెదాలు సున్నాలా చుట్టి ఆరు లెక్కపెట్టేదాకా వదలండి. పొద్దున ఐదు నిమిషాలు, రాత్రి ఐదు నిమిషాలు. నాలుగైదు రోజులకి పడుకుని బాగా వస్తుంది, అప్పుడు కూర్చుని, ఆ తర్వాత నడుస్తూ చేయండి. నడకలో మూడు అడుగులకి లోపలికి, మూడు అడుగులకి బయటికి.

మొండెం బలానికి మూడు వ్యాయామాలు చాలు. వెల్లకిలా పడుకుని ఎదురెదురు చెయ్యి, కాలు నెమ్మదిగా చాపే డెడ్ బగ్, పక్కకి 8 సార్లు. చేతులు, మోకాళ్ళ మీద ఉండి ఎదురు చెయ్యి, కాలు చాపే బర్డ్ డాగ్, అదీ 8 సార్లు. మోకాళ్ళు మడిచి చేసే సైడ్ ప్లాంక్, పక్కకి 15 నుంచి 20 సెకన్లు. ఈ మూడూ రెండు సెట్లు, రోజు విడిచి రోజు. బర్డ్ డాగ్ మోకాళ్ళ మీద బరువు పెడుతుంది కాబట్టి మోకాలు ఆపరేషన్ అయినవాళ్ళు ఫిజియోని అడిగి మొదలుపెట్టండి. చేస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టొద్దు. చాలామంది చేసే పొరపాటు ఇదే, ఊపిరి బిగబట్టి చేస్తే సగం ప్రయోజనం పోయినట్టే. వీపు పైభాగానికి పక్కకి తిరిగి పడుకుని పై చెయ్యిని పుస్తకం తెరిచినట్టు వెనక్కి తిప్పే కదలిక, అటూ ఇటూ పదేసి సార్లు.

తిండి, నీళ్ళు

పెద్ద భోజనానికీ పరుగుకీ మధ్య కనీసం రెండు గంటలు, వీలైతే మూడు గంటలు ఉండాలి. తెల్లవారుజామున ఐదింటికి దిగేవాళ్ళకి దీంతో పెద్ద ఇబ్బంది లేదు. సగం అరటిపండు అరగంట ముందు తిని, నాలుగు గుక్కలు నీళ్ళు తాగితే సరిపోతుంది. బీచ్ రోడ్డు పక్కన అమ్మే చోడి (రాగి) అంబలి మంచిదే, కానీ గ్లాసుడు తాగి వెంటనే పరిగెత్తడానికి కాదు. పరుగు అయ్యాక తాగండి.

సాయంత్రం పరిగెత్తేవాళ్ళకే తిండితో ఎక్కువ ఇబ్బంది. మధ్యాహ్నం పప్పన్నం ఒంటిగంటన్నరకి తింటే ఐదున్నరకి కడుపు తేలికపడే ఉంటుంది. నాలుగున్నరకి ఆఫీసులో రెండు బజ్జీలు, పాలటీ పడ్డాయా, కథ మారిపోతుంది. నూనె వేపుళ్ళు జీర్ణాశయంలోంచి త్వరగా కదలవు. ఆ రోజు నడకతో సరిపెట్టుకోండి.

నీళ్ళ విషయంలో మొత్తం ఎంత తాగారన్న దానితో పాటు ఒక్కసారి ఎంత పోశారన్నదీ చూసుకోవాలి. పరుగుకి రెండు గంటల ముందు 400 నుంచి 500 మిల్లీలీటర్లు, ఆ తర్వాత గుక్కలే. పరుగు మధ్యలో ప్రతి పావుగంటకి 100 నుంచి 150 మిల్లీలీటర్లు. దాహమేసిందని అర లీటరు సీసా గటగటా ఎత్తేస్తే మరో ఐదు నిమిషాల్లో డొక్క పట్టేస్తుంది. పోటు రావడానికి మామూలు నీళ్ళ కన్నా పళ్ళ రసాల్లాంటి చిక్కటి తీపి పానీయాలు ఎక్కువ కారణమవుతాయి. చెరకు రసం, మాజా వంటివి, తీపి టెట్రా ప్యాకులు పరుగుకి ముందూ వద్దు, మధ్యలోనూ వద్దు. ఓఆర్ఎస్ కలిపేటప్పుడు ప్యాకెట్ మీద లీటరు నీళ్ళకని ఉంటే లీటరులోనే కలపండి. అదే ప్యాకెట్‌ని చిన్న సీసాలో వేస్తే చిక్కనై, మేలు కన్నా కీడు ఎక్కువ.

ఎక్కడ పరిగెత్తాలి

విశాఖలో సమతలం తక్కువ. మొదటి నెల కోస్టల్ బ్యాటరీ నుంచి ఆర్కే బీచ్ మీదుగా ఉండే చదునైన భాగమో, ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) గ్రౌండో ఎంచుకోండి. సిరిపురం నుంచి పాండురంగాపురం మీదుగా బీచ్‌కి దిగే డౌన్‌లో పరుగు హాయిగా అనిపిస్తుంది గానీ, దిగుడులో ప్రతి అడుగు అదురూ నేరుగా మొండానికి తగులుతుంది. పోటుకీ మోకాలికీ రెండింటికీ అది చేటు. తెన్నేటి పార్కు దగ్గరి ఎత్తుపల్లాలు, కైలాసగిరి ఘాట్ ఆ తర్వాతి మాట. మెత్తటి ఇసుకలో పరుగు గాయానికి మంచిదని కొందరు చెప్తారు. కానీ మడమ దిగబడి, పిక్క మీద, చీలమండ మీద లాగుడు పెరుగుతుంది, దమ్మూ త్వరగా అయిపోతుంది. మొదటి రెండు నెలలు ఇసుక వద్దు.

ఇక్కడి ఉక్కపోత ఇంకో లెక్క. అక్టోబరులో తెల్లవారుజామున కూడా గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. పాత యాప్‌లో ఉన్న మీ వేగాన్ని చూడటం మానేయండి. పక్కవాళ్ళతో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగమే మీ వేగం.

నడక, పరుగు కలిపి

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం. ప్రతిసారీ ముందు 10 నిమిషాల నడక, చివర 5 నిమిషాల నడక. మొదటి వారం 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక, 8 సార్లు. రెండో వారం 2 నిమిషాలు పరుగు, 2 నడక, 7 సార్లు. మూడో వారం 3 పరుగు, 1 నడక, 7 సార్లు. నాలుగో వారం 5 పరుగు, 1 నడక, 5 సార్లు. పోటు వచ్చినా, గాయమైన చోట మర్నాడు పొద్దున నొప్పి లేచినా, ఆ వారాన్ని మళ్ళీ చేయాలి. పరుగులో మూడు అడుగులకి ఊపిరి లోపలికి, రెండు అడుగులకి బయటికి ప్రయత్నించండి. లెక్క ఐదు కాబట్టి ఊపిరి వదలడం ఒకసారి కుడి పాదం మీద, ఒకసారి ఎడమ పాదం మీద మొదలవుతుంది. అందరికీ కుదరదు, కుదరకపోతే బలవంతం లేదు.

పోటు వచ్చినప్పుడు

మొదటి చురుకు తగలగానే నడకలోకి దిగండి. గట్టిపడేదాకా ఎదురుచూడొద్దు. పెదాలు చుట్టి ఊపిరి మొత్తం వదిలేయండి. నొప్పి ఉన్న చోట పక్కటెముక అంచు కింద మూడు వేళ్ళతో నొక్కిపట్టి, కొంచెం ముందుకి వంగి, అలా ఎనిమిది పది లోతైన ఊపిరులు తీయండి. ఇంకా ఉంటే ఆ పక్క చెయ్యి పైకెత్తి అవతలి పక్కకి వంగి 20 నుంచి 30 సెకన్లు ఉండండి. మామూలు నడకలో నొప్పి పూర్తిగా పోయాకే మళ్ళీ పరుగు, అదీ ముందుకన్నా నెమ్మదిగా. ఒకే రోజు రెండోసారి వస్తే ఆ రోజుకి పరుగు అయిపోయినట్టే, నడుచుకుంటూ ఇంటికి వెళ్ళండి. నొప్పి రాకుండా ముందే డైక్లోఫెనాక్, బ్రూఫెన్ వేసుకునే అలవాటు ఉంటే మానండి. చెమట పోసే ఒంటికి ఆ మాత్రలు కడుపులో పుండుకీ, మూత్రపిండాల ఇబ్బందికీ దారితీయొచ్చు. అన్నిటికీ మించి గాయం ఇచ్చే హెచ్చరికని కప్పేస్తాయి.

ఇది పోటు కాకపోవచ్చు

కాలికి కట్టు వేసి వారాల తరబడి కదలకుండా ఉన్నవాళ్ళు ఈ భాగం తప్పక చదవండి. అలాంటివాళ్ళకి పిక్క రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకి చేరే ప్రమాదం ఉంటుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కలో పోటు, కారణం లేని ఆయాసం, ఒక పిక్క మాత్రమే వాచి వేడిగా ఉండడం, దగ్గులో రక్తపు జీర, వీటిలో ఏది కనిపించినా పరుగు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట ఉంటే గ్యాస్ అనుకుని కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్ళలో గుండె నొప్పి స్పష్టంగా తెలియకపోవచ్చు కూడా. నలభై దాటి, షుగరో బీపీయో ఉండి, నెలల విరామం తర్వాత మొదలుపెట్టేవాళ్ళు ముందే డాక్టర్‌ని కలవడం మంచిది.

ఈమధ్యే మలేరియా వచ్చి తగ్గినవాళ్ళకి ఎడమ పక్కటెముకల కింద నొప్పి ఉంటే ప్లీహం ఇంకా వాచి ఉండొచ్చు. డాక్టర్ చూసి సరేననేదాకా పరుగు వద్దు, దెబ్బ తగిలితే చిట్లే అవయవం అది. వేలితో నొక్కితే ఎముక మీద ఒక్కచోటే నొప్పి, దగ్గితే ఎక్కువ అవడం పక్కటెముక గాయానికి గుర్తు. ఆగి పది పదిహేను నిమిషాలైనా తగ్గని పోటు, జ్వరంతో వచ్చే పోటు, కుడి పొత్తికడుపులోకి దిగే నొప్పి కూడా డాక్టర్ చూడాల్సినవే.

పోటీ రోజు

నాలుగు వారాల పట్టిక పోటు లేకుండా పూర్తయితే 5 కిలోమీటర్లకి పేరు ఇవ్వండి, ఈ ఏడాదికి 10 వద్దు. ఆ రోజు కొత్త తిండి, కొత్త పానీయం ఏదీ ప్రయత్నించొద్దు. నడుముకి కట్టే పౌచ్ అడుగడుక్కీ పొట్ట మీద ఎగురుతుంటే తీసేసి, ఫోన్ స్నేహితుల చేతికివ్వండి. మొదలుపెట్టే గీత దగ్గర ముందు వరసలో నిలబడితే గుంపు వేగం లాక్కుపోతుంది, వెనక వరసలో నిలబడండి. మొదటి కిలోమీటరు మాట్లాడుకుంటూ పరిగెత్తండి. నీళ్ళ బల్ల దగ్గర గ్లాసు అందుకుని నడుస్తూ రెండు మూడు గుక్కలు తాగి, మిగతాది తల మీద పోసుకుని, ఊపిరి కుదుటపడ్డాక మళ్ళీ అందుకోండి.