కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే కోనసీమ అక్కచెల్లెళ్లకు

రాజోలు, మలికిపురం, నరసాపురం వైపు నుంచి కువైట్ ఇళ్లలో పనికి ఇప్పటికీ ఎందరో వెళుతున్నారు. ఏజెంటు జీతం గురించి ఎంతైనా చెబుతాడు. కాగితాల మాట ఎత్తితే మాత్రం ‘అవి నేను చూసుకుంటాను’ అంటాడు. ఒప్పుకోకండి. మీ కాగితాలు మీరే చూసుకోవాలి.

పదో తరగతి పాసవ్వని వారి పాస్‌పోర్టు ఈసీఆర్ (వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి) కిందికి వస్తుంది. ఆ పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్ ద్వారా అనుమతి ఉండాలి. విజిట్ వీసా మీద పంపి ‘అక్కడ మారుస్తాం’ అనేవాడు ఈ అనుమతిని ఎగ్గొడుతున్నాడు. అలా వెళితే ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉండదు. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకు 10 లక్షలు ఇచ్చే బీమా అది. వీసా నంబరూ చూడండి: 20 అంటే ఇంటిపని, 18 అంటే కంపెనీ పని. దుకాణంలో ఉద్యోగమని చెప్పి 20 వీసా చేతిలో పెడితే విమానం ఎక్కవద్దు.

సామానులో గసగసాలు పెట్టకండి, గల్ఫ్‌లో పలు దేశాల్లో నిషేధం. నొప్పి మాత్రలకు డాక్టరు చీటీ దగ్గర ఉంచుకోండి.

దిగాక వైద్య పరీక్ష, వేలిముద్రలు, ఆపైన అకామా (అక్కడ ఉండే అనుమతి), సివిల్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు). ప్రతిదానికీ ఫోనులో ఫొటో తీసి ఇంటికి పంపండి. అన్నిటికంటే ముందు మీరున్న ఇంటి చిరునామా తెలుసుకోండి. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో పనిచేస్తూ అది ఏ ప్రాంతమో చెప్పలేని వారిని చూస్తే గుండె తరుక్కుపోతుంది. అక్కడ ప్రాంతం, బ్లాకు, వీధి, ఇంటి నంబరు చెబితే చాలు. భవనం గోడ మీది పలకపై పాసీ నంబరు (ఆ భవనానికి ప్రభుత్వం ఇచ్చిన నంబరు) ఉంటుంది, అదీ రాసుకోండి. ఆపదలో 112కు ఫోను చేసినా మొదట అడిగేది ఇదే.

కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం మీ కోసమే. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, మీ పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. మొదటి రోజే ‘మామా’తో, అంటే ఇంటి యజమానురాలితో, వాదించమనడం లేదు. ఇది మీ హక్కని మీకు తెలిసి ఉండాలి.

డబ్బు విషయం చెబితే కొందరు భర్తలకు, అన్నదమ్ములకు కోపం రావచ్చు. అయినా చెబుతాను. మీ పేరున ఎన్ఆర్ఈ ఖాతా (విదేశాల్లో ఉండేవారికి మన బ్యాంకులు ఇచ్చే ఖాతా) తెరవండి. జీతం ముందు అందులోకి, అక్కడి నుంచే ఇంటి ఖర్చుకు. డబ్బు పంపే ఎక్స్ఛేంజిలో ఇచ్చే రసీదులు పారేయకండి.

కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనుక. పిల్లలు పడుకునే లోపు మాట్లాడాలంటే మీ సాయంత్రం పనికి ముందే ఫోను చేయాలి. ఆ సమయం కావాలని మొదటి వారంలోనే అడిగి పెట్టుకోండి.

ఇంట్లో హింస ఉంటే నేరుగా భారత రాయబార కార్యాలయానికి వెళ్లండి. అక్కడ మహిళలకు ఆశ్రయం ఉంది. ఎవరో ఎక్కువ జీతం ఇప్పిస్తామంటే నమ్మి కల్లివల్లి కావద్దు, అంటే యజమానిని వదిలి పారిపోయి దొంగచాటుగా పనిచేయవద్దు. పరారీ కేసు పడితే జరిమానాలు, జైలు, దేశబహిష్కారం వెంట వస్తాయి. ఇక్కడి నుంచి మీవాళ్లు భారత విదేశాంగ శాఖ ‘మదద్’ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అందుకు మీ పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం జిరాక్సులు బయలుదేరే ముందే నమ్మకమైన ఒకరి చేతికి ఇచ్చి వెళ్లండి.