ఎల్‌ఎంఎంఎస్‌లో సితార్ మూగబోయిందా?

పాటలు కట్టే ప్రోగ్రాం ఎల్‌ఎంఎంఎస్‌లో పాత ప్రాజెక్టు తెరిచారు, అన్నీ మోగుతున్నాయి, సితార్ ట్రాక్ ఒక్కటే ఉలకదు పలకదు. ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఎక్కించే పని పెట్టుకోకండి. నేను ఆ పిచ్చిపనికి ఒక ఆదివారం మొత్తం తగలేశాను.

ముందు కొత్తగా ఒక ట్రిపుల్‌ఆసిలేటర్ (బయటి ఫైలు అక్కర్లేకుండా తానే శబ్దం పుట్టించే వాయిద్యం) ట్రాక్ పెట్టి, సితార్ ఉన్న మిక్సర్ చానెల్‌కే కలిపి, దాని కిటికీలో కింద ఉన్న పియానో మీద ఒక మెట్టు నొక్కండి. అదీ పలకలేదంటే గొడవ మిక్సర్‌లోనో ఆడియో సెట్టింగుల్లోనో ఉంది. అది పలికిందంటే మాత్రం సితార్ సౌండ్‌ఫాంట్ ఫైలు (వాయిద్యం శబ్దాలు నింపిన ఫైలు) మీదే నా అనుమానం. దాన్ని మోగించే ఎస్‌ఎఫ్2 ప్లేయర్ ఆ ఫైలును ప్రాజెక్టులో దాచుకోదు, అది ఎక్కడుందో దారి మాత్రమే రాసుకుంటుంది. మీరు డౌన్‌లోడ్స్ ఫోల్డరు సర్దిన రోజే దారి తెగిపోయి ఉంటుంది!

ఇక్కడ తొందరపడి సేవ్ కొట్టొద్దు, రాసి ఉన్న పాత దారి కూడా చెరిగిపోవచ్చు. టెర్మినల్‌లో ఎల్‌ఎంఎంఎస్ డంప్ (lmms dump) ఆదేశానికి మీ ప్రాజెక్టు ఎంఎంపీజెడ్ (.mmpz) ఫైలు పేరు ఇస్తే లోపల రాసి ఉన్న ఎక్స్‌ఎంఎల్ పాఠం అంతా బయటపడుతుంది. అందులో ఎస్‌ఎఫ్2ప్లేయర్ (sf2player) అన్న చోట ఎస్‌ఆర్‌సీ (src) పక్కన పాత చిరునామా ఉంటుంది. ఫైలును తిరిగి అక్కడే పెట్టి ప్రాజెక్టు తెరవండి.

డ్రమ్స్ బదులు పియానో మోగుతుంటే అది వేరే కథ. ఎస్‌ఎఫ్2 ప్లేయర్‌లో బ్యాంకు (శబ్దాల గుంపు సంఖ్య) 128కి మార్చి చూడండి.