గోడ పగుళ్లకు, జాయింట్లకు పీయూ సీలెంట్ ఎలా పెట్టాలి?

పిల్లర్‌కూ ఇటుక గోడకూ మధ్య నిలువునా గీత పడుతుంది. వానలకు ముందు మేస్త్రీని పిలిచి అందులో వైట్ సిమెంటు మెత్తించి, పైన రంగు కొట్టిస్తారు. మరుసటి వేసవికి అదే చోట అదే గీత. ఎండకు కాంక్రీటు సాగినంత ఇటుక సాగదు కాబట్టి ఆ సందు కదులుతూనే ఉంటుంది. ఇక రెండు బ్లాకుల మధ్య వదిలే ఎక్స్‌పాన్షన్ జాయింటు సంగతి చెప్పనక్కర్లేదు. 10 మీటర్ల కాంక్రీటు 30 డిగ్రీల తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. అక్కడ గట్టిపడే పదార్థం ఏది పెట్టినా విరుగుతుంది. రబ్బరులా సాగే పాలియురేథేన్ (పీయూ) సీలెంటే కావాలి.

అయితే ప్రతి గీతకూ ఇది అక్కర్లేదు. ప్లాస్టరింగ్ మీద వెంట్రుకవాసి గీతలకు క్రాక్ ఫిల్లర్ పేస్టు చాలు. పిల్లర్‌లోనో బీములోనో పగులు వచ్చి తుప్పు మరక కారుతుంటే మాత్రం ఇంజనీరును పిలవండి, సీలెంట్‌తో కప్పిపెట్టకండి.

కావలసినవి: 600 మిల్లీలీటర్ల సీలెంట్ సాసేజ్ (గొట్టంలా ఉండే మెత్తటి ప్యాకెట్), దానికి సరిపడే గన్, గ్రైండర్, వైర్ బ్రష్, మాస్కింగ్ టేపు, ఫోమ్ బ్యాకర్ రాడ్ (సీలెంట్ కింద సందులో దించే మెత్తటి నురుగు కడ్డీ), చిన్న తాపీ, చేతికి గ్లోవ్స్, కళ్లద్దాలు, దుమ్ముకు మాస్కు. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల లోతు సందులో ఒక సాసేజ్ 3 మీటర్లు వస్తుంది. ప్యాకెట్ మీద ఐఎస్‌ఓ 11600 (సీలెంట్ల అంతర్జాతీయ ప్రమాణం) కింద 25 అని ఉన్నదే కొనండి. సందు వెడల్పులో పాతిక శాతం అటూ ఇటూ కదిలినా తట్టుకుంటుందని దాని అర్థం.

సిలికాన్ చాలదా అని దుకాణంలో అందరూ అడుగుతారు. చాలదు. సిలికాన్ మీద రంగు నిలవదు, బయటి గోడ మీద దుమ్ము పట్టి నల్ల చారలు దిగుతాయి. దాన్ని బాత్రూం టైల్స్‌కూ అద్దాలకూ ఉంచుకోండి. పాత సిలికాన్ ఉన్న చోట దాన్ని అంచులతో సహా గ్రైండర్‌తో తీసేయాలి, ఆ జిడ్డు మీద పీయూ అంటదు.

పగులును గ్రైండర్‌తో 10, 12 మిల్లీమీటర్ల వెడల్పున నిటారు అంచులతో కోయండి. మేస్త్రీలు వి ఆకారంలో చెక్కుతారు, ఒప్పుకోవద్దు. వైర్ బ్రష్‌తో రుద్ది, దుమ్మంతా ఊదేయండి. నీళ్లతో కడిగితే పూర్తిగా ఆరేదాకా పని ముట్టుకోకూడదు. కొత్త కాంక్రీటుకైతే 28 రోజులు ఆగాలి. తర్వాత రెండు అంచుల వెంట మాస్కింగ్ టేపు.

ఇక అసలు పని. మేం చూసే చెడిపోయిన జాయింట్లలో చాలావరకు ఇక్కడే చెడతాయి. సీలెంట్ రెండు పక్కల గోడలకు మాత్రమే అంటుకోవాలి, అడుగుకు అంటకూడదు. రెండు పక్కలే పట్టుకుంటే సందు తెరుచుకున్నప్పుడు హాయిగా సాగుతుంది. అడుగు కూడా పట్టుకుంటే సాగడానికి చోటు లేక, మధ్యలో చిరగడమో అంచు ఊడడమో జరుగుతుంది. అప్పుడు నింద మాత్రం సరుకు మీద వేస్తారు.

అందుకే లోతైన సందులో ముందు బ్యాకర్ రాడ్ దించాలి. సందు కంటే పాతిక శాతం లావుది తీసుకోండి: 20 మిల్లీమీటర్ల సందుకు 25 మిల్లీమీటర్ల రాడ్. మొద్దు చెక్కముక్కతో, లోతు అంతటా ఒకేలా ఉండేలా నొక్కండి. స్క్రూడ్రైవర్‌తో పొడిచారో, రాడ్‌కు చిల్లి పడి లోపలి గాలి బయటికొస్తుంది. సాయంత్రానికి నున్నగా ఉన్న సీలెంట్ మీద పొక్కులు లేస్తాయి. ఖర్చు మిగులుతుందని థర్మోకోల్ ముక్కలు, సిమెంటు సంచి పీలికలు కుక్కేవారిని పనిలోంచి పంపేయండి.

ప్లాస్టర్‌లో కోసిన సందు అంత లోతుండదు, రాడ్ పట్టదు. అక్కడ అడుగున సన్నటి పాలిథిలీన్ టేపు అంటించండి. పక్క గోడలకు ఎక్కకూడదు.

పైన సీలెంట్ లోతు: 20 మిల్లీమీటర్ల వెడల్పుకు 10, అంటే సగం. సన్నటి సందులోనూ 8కి తగ్గొద్దు. ఎక్కువ నింపితే ఎక్కువ బలమనుకోకండి, మందం పెరిగేకొద్దీ సాగే గుణం తగ్గుతుంది.

ఎండ పడుతున్న గోడ మీద పెట్టకండి. తూర్పు గోడ మధ్యాహ్నం తర్వాత, పడమటి గోడ పొద్దున. నా లెక్కలో ఈ పనికి ఫిబ్రవరిని మించిన నెల లేదు.

గన్ మూతిని అడుగుకు ఆనించి, గాలి చిక్కకుండా ఒకే వేగంతో నింపండి. వెంటనే పొడి తాపీతో అంచులకేసి నొక్కి నున్నగా చేసి, పొర కట్టక ముందే టేపు లాగేయండి. నున్నదనం కోసం స్పిరిట్ రాయకండి, సీలెంట్ గట్టిపడదు. గాలిలోని తేమతో ఇది రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున గట్టిపడుతుంది కనుక 10 మిల్లీమీటర్లకు అయిదు రోజులు వదిలేసి, ఆ తర్వాతే రంగు. అదీ సాగే రకం ఎమల్షన్ అయితేనే.

విప్పిన సాసేజ్‌ను మర్నాటికి దాచకండి, గన్ మూతిలోనే గడ్డకడుతుంది. చేతికంటితే పచ్చిగా ఉండగానే తుడవాలి. తర్వాత తోలుతో పాటే రావాలి.