ఒకటే బ్యాటరీ బ్యాంకు, రెండు సోలార్ ఇన్వర్టర్లు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎట్లా సరిచేయాలి

కింద అన్న కాపురం, పైన తమ్ముడి కాపురం. ఎవరి సోలార్ ఇన్వర్టర్ వాళ్లది, బ్యాటరీలు మాత్రం ఉమ్మడి. ఈ ఏర్పాటు పనిచేస్తుంది. కాకపోతే ప్రతి ఇన్వర్టరూ బ్యాటరీ మొత్తం తనదే అన్న లెక్కతో నడుస్తుంది, పక్కన ఇంకోటి ఉన్న సంగతి దానికి తెలియదు. చాలా తంటాలు అక్కడే మొదలవుతాయి. లెక్క కోసం 5 కిలోవాట్ల హైబ్రిడ్ ఇన్వర్టర్లు రెండు, 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, అంటే బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందన్న లెక్క) ట్యూబులర్ బ్యాటరీలు ఎనిమిది అనుకుందాం: నాలుగేసి రెండు వరుసలు, 48 వోల్టులు, 300 ఏహెచ్.

నీళ్లు తొందరగా తగ్గుతున్నాయి, బ్యాటరీలు వేడెక్కుతున్నాయి

చార్జింగ్ కరెంటు 60 ఆంపియర్లకు పెట్టి వచ్చే ఇన్వర్టర్లు చాలా ఉన్నాయి. రెండింట్లోనూ దాన్ని అట్లాగే వదిలేస్తే మధ్యాహ్నం ఎండకు 120 ఎక్కుతుంది. ట్యూబులర్ బ్యాటరీకి ఏహెచ్‌లో పదో వంతు చాలు, అంటే మొత్తం 30. డీసీ చూపించే క్లాంప్ మీటర్‌ను బ్యాంకు మెయిన్ కేబుల్‌కు తగిలించి, ఎండ బాగా ఉన్నప్పుడు చూడండి. 45 దాటితే సెట్టింగే కారణం. ఒక్కోదానికి 15 పెట్టండి. మెనూలో 15 లేకపోతే ఒకదానికి 20, ఇంకోదానికి 10. గ్రిడ్ నుంచి చార్జయ్యే కరెంటుకు వేరే సెట్టింగ్ ఉంటుంది, చాలామంది మరిచిపోయేది దాన్నే.

వోల్టేజీలు రెండింట్లోనూ ఒకటే ఉండాలి: బూస్ట్ (గట్టిగా చార్జ్ చేసే వోల్టేజీ) 57.6, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ) 54. ఇవి 25 డిగ్రీలకు వేసిన అంకెలు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండల్లో మెట్ల కింది గదిలోని బ్యాటరీ 40 డిగ్రీలకు చేరడం మామూలే. బూస్ట్‌లో డిగ్రీకి ఒక్కో సెల్‌కు సుమారు 4 మిల్లీవోల్టులు తగ్గించాలి. 24 సెల్స్, 15 డిగ్రీల తేడా కాబట్టి దాదాపు 1.4 వోల్టులు. ఏప్రిల్, మే నెలల్లో బూస్ట్ 56.2, ఫ్లోట్ 53 దగ్గర పెట్టి, వానలు పడ్డాక పాత అంకెలకు మార్చండి. బ్యాటరీకి టెంపరేచర్ సెన్సార్ తగిలించి ఉంటే ఈ పని అదే చేస్తుంది. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఫ్లోరైడ్, సున్నం ఉన్న మన బోరు నీళ్లు చుక్క కూడా వద్దు.

ఒకటి చార్జ్ చేస్తుంటే రెండోది ఫ్లోట్ చూపిస్తోందా? కంగారు పడకండి. మొదటిది పెంచిన వోల్టేజీని చూసి, బ్యాటరీ నిండిందనుకుని అది తగ్గుతుంది.

ఒక ఇల్లు ఆరిపోయింది, ఇంకో ఇంట్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి

ముందు రెండింటి లో-కట్ (బ్యాటరీ ఇంతకు తగ్గగానే ఇన్వర్టర్ ఆగిపోయే వోల్టేజీ) ఒకేలా, 46 వోల్టులకు ఉందో లేదో చూడండి. ఉంటే తప్పు కేబుల్లోనో, లగ్గులోనో (కేబుల్ చివర బిగించే లోహపు ముక్క) ఉంటుంది. 5 కిలోవాట్ల పూర్తి లోడుకు 48 వోల్టుల వైపు సుమారు 113 ఆంపియర్లు పారుతాయి. అంత కరెంటుకు లూజు నట్టు ఒక్కటి చాలు, వోల్టు మింగేస్తుంది.

లోడు నడుస్తుండగానే వెతకాలి. మల్టీమీటర్‌ను డీసీ మిల్లీవోల్టుల మీద పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ సీసం పోస్టు మీద, రెండోది లగ్గు గొట్టం మీద ఆనించండి. నట్టు మీద పెడితే తప్పు బయటపడదు. 50 మిల్లీవోల్టులు దాటిన జాయింటు విప్పాల్సిందే. తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడిని వంట సోడా కలిపిన వేడినీళ్లతో తుడిచి (మూతల్లోంచి లోపలికి పోనివ్వద్దు), ఆరనిచ్చి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి. విప్పేముందు లోడు, ప్యానెళ్లు, గ్రిడ్, చివరగా బ్యాటరీ బ్రేకర్ ఆపి, పానా పిడికి టేపు చుట్టండి.

రెండు ఇన్వర్టర్లకూ 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులే వేయాలి, పొడవు సమానంగా ఉండాలి, రెండు మీటర్లు దాటొద్దు. ఒక ఇన్వర్టర్ టెర్మినల్ నుంచి ఇంకోదానికి కేబుల్ లాగకుండా, రెండూ బస్ బార్ (కేబుళ్లన్నీ వచ్చి కలిసే లోహపు పట్టీ) నుంచే తీసుకోవాలి. బస్ బార్‌కు ప్లస్ మొదటి వరుస నుంచి, మైనస్ రెండో వరుస నుంచి తీస్తే రెండు వరుసలూ సమానంగా పనిచేస్తాయి. ఒక్కో ఇన్వర్టర్‌కు 160 ఆంపియర్ల డీసీ ఫ్యూజు వేరేగా ఉండాలి. ఏసీ ఎంసీబీ ఇక్కడ పనికిరాదు, డీసీ ఆర్క్‌ను అది ఆర్పలేదు.

రెండిళ్లూ ఒకేసారి చీకటి

ట్యూబులర్ అయితే లోడు ఎక్కువై వోల్టేజీ ఒక్కసారిగా పడిపోయింది. ఈ బ్యాంకు మీద రెండిళ్లదీ కలిపి మూడు కిలోవాట్లు దాటనివ్వద్దు. సంపు మోటారు ఎండ ఉన్నప్పుడే వేసుకోవాలి.

51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం అయితే 100 ఆంపియర్ల దగ్గర బీఎంఎస్ (బ్యాటరీ లోపల ఉండి దాన్ని కాపాడే సర్క్యూట్) కట్ చేసి ఉంటుంది. బీఎంఎస్ కేబుల్ ఒక్క ఇన్వర్టర్‌కే పోతుంది, రెండోది గుడ్డిగా నడుస్తుంది. రెండోదాన్ని యూజర్ మోడ్‌లో బూస్ట్ 56, ఫ్లోట్ 54, లో-కట్ 48 వోల్టులకు పెట్టి, చార్జింగ్ పరిమితిని రెండింటికీ సగం సగం పంచండి.

ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పదే పదే పడిపోతోంది

రెండిళ్ల న్యూట్రళ్లు ఎక్కడో కలిసి ఉండొచ్చు. విడదీయండి. ప్యారలల్ కిట్ (రెండింటినీ ఒకే తాళంలో నడిపించే పరికరం) లేని ఇన్వర్టర్ల అవుట్‌పుట్లు ఎప్పుడూ కలపకూడదు, కాలిపోతాయి. ఒకే ప్యానెల్ స్ట్రింగును రెండింటికీ పంచడం కూడా తప్పే. ఎవరి ప్యానెళ్లు వాళ్లకే.

రెండో ఇన్వర్టర్ తగిలించగానే పెద్ద నిప్పురవ్వ, లేదా బీఎంఎస్ ట్రిప్

ఇన్వర్టర్ లోపలి ఖాళీ కెపాసిటర్లు ఒక్క ఊపులో కరెంటు లాగుతాయి. బ్రేకర్ ఆఫ్‌లో ఉండగానే 50 ఓమ్, 25 వాట్ల రెసిస్టర్‌ను ఆ బ్రేకర్ రెండు టెర్మినళ్ల మధ్య ఐదు సెకన్లు ఆనించి, వెంటనే బ్రేకర్ వేసి, రెసిస్టర్ తీసేయండి.